ముందు ఆపేది, ఆఖరికి మోసేది

సైకిల్ షాపు తలుపులకు తాళం ఉంటే, శుక్రవారమేమో అనుకున్నాను. నమాజుకు పోయి ఉంటాడు, అరగంటలో వస్తాడు అని సైకిలును గోడకు ఆనించి, పాపను రేకుల నీడలో నిలబెట్టాను. పక్క టీ కొట్టాయన గిన్నె తోముతున్నవాడల్లా ఆగి నావైపు చూశాడు.

“టీచరమ్మా, ఇయ్యాల సోమారం.”

నిజమే. బడులు తెరిచిన రోజు. సెలవుల తర్వాత వారాలు నాకింకా సరిగ్గా పట్టుబడలేదు.

ఆయన గిన్నె కింద పెట్టాడు. “నీకు ఎవ్వలు చెప్పలేదా? చాచా పొయ్యి ఇరవై దినాలు దాటింది. ఛాతీల నొప్పన్నడు. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయింది.”

ఎండాకాలం సెలవులంతా నేను మందమర్రిలో మా అమ్మ దగ్గర ఉన్నాను. కొత్త రాష్ట్రం వచ్చిన సంబరాలు కూడా అక్కడే చూశాను. గోదావరిఖనికి తిరిగి వచ్చి నాలుగు రోజులే. చౌరస్తాలో కట్టిన తోరణాలు ఇంకా తీయలేదు. అందరూ ఏదో ఒకటి కొత్తగా మొదలుపెడుతున్నట్టు కనబడుతుంటే, నేను ఒక పాత ప్రశ్న పట్టుకుని ఆ షాపుకు వెళ్లాను. పాపకు ఐదేళ్లు నిండాయి. రెండేళ్ల కిందట మా మడత సైకిలుకు చాచా బిగించిన సీటులో కూర్చుంటే దాని మోకాళ్లు ఇప్పుడు నా నడుముకు తగులుతున్నాయి. ఇంకా కూర్చోబెట్టవచ్చా, వద్దా? ఇది అడగడానికి ఊళ్లో నాకు ఇంకో మనిషి తెలియదు.

ఇప్పుడు పాప పడుకుంది. మా ఆయన రెండో షిఫ్టు నుంచి ఇంకా రాలేదు. రాసే ఓపిక లేదు. రాయకపోతే నిద్ర కూడా రాదు.

చాచా పేరు నాకు తెలియదు. షాపుకు బోర్డు లేదు. కాలనీ అంతా సైకిల్ చాచా అనేది, నేనూ అదే అన్నాను. పొట్టి మనిషి. తెల్ల గడ్డం, పైన మీసం లేదు. నుదుటి మీద ఎడమ కనుబొమ పైన నీలం గీత. దెబ్బ తగిలిన చోట బొగ్గు పొడి చర్మంలోకి పోతే మిగిలే గీత అది, మా నాన్న మోచేతి మీదా ఉంది. కాబట్టి ఈయన బొగ్గు బాయి దిగిన మనిషి అని మొదటి రోజే అర్థమైంది. ఎన్నేళ్లు దిగాడు, ఎప్పుడు మానేశాడు అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఏ సైకిలు తెచ్చినా ముందు దాన్ని పానాతో కొట్టేవాడు. గట్టిగా కాదు, తలుపు తట్టినట్టు. కొట్టి, చెవి దగ్గర పెట్టి వినేవాడు. మెడ గొట్టం, పెడల్ దగ్గర, వెనుక చక్రం ఇరుసు దగ్గర, చక్రాల్లో ఒక్కో పుల్ల. బాయిలో పని చేసినవాళ్ల ఇళ్లల్లో పెరిగినవాళ్లకు ఇది తెలుసు. పని మొదలుపెట్టే ముందు నెత్తి మీది కప్పును కట్టెతో కొట్టి వింటారు. రాయి గట్టిగా ఉంటే ఖంగుమని మోగుతుంది. లోపల పగులు ఉంటే డొల్ల కుండలా బద్దగా పలుకుతుంది. బద్దగా పలికిన చోట ఎవరూ నిలబడరు. చాచా బయటికి వచ్చినా చెవి బయటికి రాలేదు.

“చాచా, సైకిల్ తెచ్చినమా, తబలా తెచ్చినమా?” అని ఆటపట్టించేవాళ్లు.

“తబలా అయితే పాడెటోడు సుత కావాలె. నువ్వైతే పాడవు. నీ చైనొక్కటే పాడ్తున్నది” అనేవాడు, తలెత్తకుండానే.

మడత సైకిలు మా తమ్ముడిది. హైదరాబాదులో ఉద్యోగంలో చేరిన కొత్తలో ముచ్చటపడి కొన్నాడు, మూడు నెలలు తొక్కి మానేశాడు. నా బాధ విని బస్సులో వేసి పంపాడు. నా బాధ ఏమిటంటే బడి. నేను పని చేసే ప్రైవేటు బడి మా క్వార్టరుకు మూడు కిలోమీటర్లు. పాపను అక్కడే నర్సరీలో చేర్చుకుంటామన్నారు. మా ఆయనది కాంట్రాక్టు పని, వారానికో షిఫ్టు, బండి ఆయనతోనే పోతుంది. ఇక ఆటో. ఆ ఏడు మార్చిలో పన్నెండు మంది పిల్లల్ని ఎక్కించుకున్న ఆటో ఒకటి బైపాసు మలుపులో పక్కకు పడింది. ఎవరికీ ప్రాణం పోలేదు, ఒక పిల్లకు చెయ్యి విరిగింది. మర్నాడు అదే ఆటో, ఆ ఒక్క పిల్ల తప్ప అదే పిల్లలు. ఆ ఆటోలో నా పిల్లను ఎక్కించడం నావల్ల కాలేదు. చంకనేసుకుని నడిస్తే ముప్పావు గంట, పక్కనుంచి బొగ్గు టిప్పర్లు. సెలవులకు ముందే అట్లా రెండుసార్లు ఆలస్యంగా చేరాను. మూడోసారి అయితే ఆలోచించుకోండి మేడం అన్నారు బడిలో.

అందరూ ఒకటే మాట. “ఏం కాదు” అని మా ఆయన. “ప్రభువు చూసుకుంటడు, ఏం కాదు” అని మా అమ్మ. “ఏమీ కాదమ్మా, రోజూ ఇంతమంది పోవడం లేదా?” అని బడిలో. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు భయం ఇంకొంచెం పెరిగేది. ఎవరూ చూడకుండానే చెబుతున్నారు కదా అనిపించేది.

మాది మేడ మీది క్వార్టరు. కింద సైకిలు పెడితే తెల్లారేసరికి ఉండదు. మడత పెట్టి పైకి మోసుకుపోవచ్చు అని ఈ సైకిలు. అది దిగిన రోజు కాలనీ అంతా చూడటానికి వచ్చింది. “ఏందక్కా, ఇస్త్రీ చేసి మడత పెట్టిన్రా?” అని ఒకామె. “దండెం మీద ఆరేస్తవా, పెట్టెల పెడ్తవా?” అని ఇంకొకామె. చిన్న చక్రాలు, పొట్టి ఒళ్లు, నడిమధ్య కీలు. బెల్లు తప్ప ఇంకేమీ లేదు. స్టాండు లేదు, క్యారియరు లేదు, చక్రాల మీద రేకులు లేవు, చున్నీ చక్రంలో పడకుండా జాలీ లేదు.

కావలసినవన్నీ నోటుపుస్తకంలో రాసుకుని చాచా దగ్గరికి వెళ్లాను. బల్ల మీద కూర్చుని చదివాను. మెత్తటి సీటు, బుట్ట, అద్దం, దీపం, తాళం, స్టాండు, పిల్ల సీటు. చాచా సైకిలును మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. కీలు దగ్గర కొట్టి విన్నాడు.

“అయిందా చదువు?”

“అయింది చాచా.”

“గా కాయితం సుత మడిచి జేబుల పెట్టుకో.” పానా నేల మీద పెట్టి వేళ్లు ముడిచాడు. “కొత్త బండికి ముందుగాల ఆపేది బిగియ్యాలె. తర్వాత కనపడేది. తర్వాత ఇనపడేది. మోసేది ఆఖరికి. అందరేం జేస్తరు? మోసేది ముందుగాల పెడ్తరు. క్యారియర్ పెట్టు చాచా, బుట్ట పెట్టు చాచా. మోసుడు ఏ గాడిదైన మోస్తది, బేటా. ఆగుడే రాదు.”

“బడి ఇంకో వారంల తెరుస్తరు చాచా. అన్ని ఒక్కరోజే చెయ్యరాదా?”

“నేను చేస్త. నీకు రావాలె గద.”

అట్లా మొదలైంది. వారం కాదు, నెల దాటింది. బడులు తెరిచిన మొదటి రోజులు మళ్లీ నడిచాను, మా ఆయన షిఫ్టు కుదిరిన రోజు ఆయన దింపాడు, రెండు రోజులు పాపను పక్కింటివాళ్ల దగ్గర వదిలి, బడిలో ఒక్క అక్షరం చెప్పలేక గోడ గడియారం చూస్తూ నిలబడ్డాను.

ముందు బ్రేకులు. వచ్చిన రబ్బర్లు పీకి పారేసి మందపువి వేశాడు, తీగలు మార్చాడు. షాపు ముందు రోడ్డు పక్కన సుద్దతో గీత గీసి, అటునుంచి తొక్కుకుంటూ వచ్చి గీత మీద ఆపమన్నాడు. నేను డిగ్రీ చదివేటప్పుడు మూడేళ్లు సైకిలు తొక్కినదాన్నే. గీత దాటింది.

“దాటినవ్.”

“జానెడే కదా చాచా.”

“జానెడు చాలు లారీకి. మల్ల రా.”

టీ కొట్టు దగ్గర డ్యూటీ దిగినవాళ్లు నిలబడి చూసేవాళ్లు. మొదటి రోజు నవ్వారు. మూడో రోజు, “అక్క ఇయ్యాల గీత తొక్కింది చాచా, రాసుకో” అన్నారు. సిగ్గుతో నా చెవులు కాలిపోయేవి. చాచా ఎవరి మాటా వినేవాడు కాదు. వంగి, చక్రం ఆగిన చోటుకు, గీతకు మధ్య వేళ్లు పెట్టి కొలిచేవాడు.

తర్వాత కనపడేవి. వెలుగు పడితే మెరిసే బిళ్ళలు, వెనుక ఎర్రది, ముందు తెల్లది, చక్రాల పుల్లలకు పసుపువి. ముందు దీపం. “పగలు దీపమెందుకు?” అంటే, “బొగ్గు దుమ్ముల పగలేంది, రాత్రేంది? టిప్పరోనికి నువ్వు కనపడకపోతే నువ్వు లేనట్టే” అన్నాడు. తర్వాత బెల్లు. సైకిలుతో వచ్చిన బెల్లును ఒకసారి నొక్కి చూసి, “గీ సప్పుడుకు పిల్లి సుత లేవది” అని ఇత్తడి బెల్లు తీశాడు. రోడ్డు దాటి అవతల నిలబడి, టిప్పర్లు పోతున్నప్పుడు నన్ను మోగించమన్నాడు. తనకు వినబడితే చెయ్యి లేపుతానన్నాడు. లేపాడు. నాకు ఎందుకో ఆ చెయ్యి చూసి ఏడుపు వచ్చింది. నిద్ర లేక అయ్యుంటుంది.

మెత్తటి సీటు మాత్రం వెయ్యనన్నాడు. “మెత్తగుంటే కూసున్నట్టైతది. తొక్కినట్టు కాదు.”

ఇక కీలు. మడత విప్పి, గొళ్ళెం బిగించి, పట్టుకుని లాగి, ఊపి చూడటం. ఇది నాతో ఎన్నిసార్లు చేయించాడో లెక్క లేదు. “మామూలు సైకిల్ కొన్ననాడే కొత్తది. గిది మడత ఇప్పినప్పుడల్లా కొత్తదే. కొత్తదాన్ని నమ్మొద్దు” అనేవాడు. మేడ మెట్లు దిగి, రోజూ పొద్దున, పాలు పొయ్యి మీద పెట్టి వచ్చినా సరే, లాగి, ఊపి చూడాలి.

అన్నీ అయ్యాయి. “ఇగ పాప సీటు” అన్నాను.

“కాదు.”

“ఎందుకు కాదు?”

“ముంగట పెట్టాలంటే గీ కీలు మీద పెట్టాలె. నడుము ఇరిగే బండి మీద పసిపిల్లనా? ఎనుక పెట్టాలంటే గీ సన్న గొట్టాలు ఆగయి. చూద్దాం.”

ఆయన “చూద్దాం” అంటూ రెండు వారాలు గడిపాడు. అడిగినప్పుడల్లా ఏదో సైకిలు కింద తల పెట్టుకుని ఉండేవాడు. మూడోసారి ఆలస్యం ముంచుకొస్తోంది. అప్పుడు నేను చెయ్యకూడని పని చేశాను. ఆదివారం ప్రార్థన అయ్యాక మా ఆయనతో మెయిన్ బజారుకు వెళ్లి, ఒక షాపులో పిల్ల సీటు కొని, అక్కడే బిగించమన్నాను. పది నిమిషాల్లో అయిపోయింది. ముందు గొట్టానికి రెండు ఇనుప పట్టీలు, మధ్యలో ఎర్ర సీటు. “గట్టిగుందా?” అని నేను అడిగితే ఆ షాపాయన సీటు మీద చేత్తో చరిచి, “ఏం కాదక్కా, ఏనుగునెక్కించు” అన్నాడు.

సోమ, మంగళ, బుధ, గురువారాలు పాపను ముందు కూర్చోబెట్టుకుని వెళ్లాను. చాచా షాపు ఉన్న దారి వదిలి చుట్టు తిరిగి వెళ్లేదాన్ని. సమయానికి చేరుతున్నాను. ఆ శుక్రవారం బడి ఒంటిపూటే పెట్టారు. తిరిగి వస్తుంటే మసీదు సందు మొగలో చాచా ఎదురయ్యాడు. తెల్ల టోపీ, ఉతికిన లాల్చీ. నన్ను చూశాడు, సీటును చూశాడు. రోడ్డు మధ్యకు వచ్చి హ్యాండిలు పట్టుకున్నాడు.

“పాపను దించు.”

“చాచా, జరగుండ్రి. ఎనుక బండ్లొస్తున్నయి.”

“పాపను దించు, బేటా.”

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. అన్ని రోజుల అలసట ఒక్కసారి నోట్లోకి వచ్చింది. “మీరు చెయ్యరు. చేసినోళ్లను వద్దంటరు. రేపు నా నౌకరీ పోతే మీరిస్తరా? గీత మీద ఆపు, గంట కొట్టు అనుకుంట నెల తింటిరి. నా బిడ్డ మీద నాకు లేని ఫికర్ మీకెందుకు?”

నమాజుకు పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. చాచా తనే పాపను ఎత్తి పక్కన నిలబెట్టాడు. చేతిలో పానా లేదు. జేబులోంచి తాళంచెవి తీసి కీలు మీద కొట్టాడు. నాకూ వినిపించింది. బద్దగా పలికింది. బజారు షాపాయన బిగించిన పట్టీ ఒకటి గొళ్ళెం కిందికి చొచ్చుకుని ఉంది. గొళ్ళెం చూడటానికి పడ్డట్టే ఉంది, పూర్తిగా పడలేదు. ఐదు రోజులూ నేను లాగి, ఊపి చూశాను. సీటు అడ్డం ఉండి చెయ్యి సరిగ్గా ఆనక, చూశాననిపించుకున్నాను. చాచా బొటనవేలితో గొళ్ళెం పైకి నెట్టి, అరచేత్తో హ్యాండిలును పక్కకు తోశాడు. సైకిలు మోకాలు మడిచినట్టు మధ్యకు మడుచుకుపోయింది. ఎర్ర సీటు నేలకు తగిలింది.

పాప చప్పట్లు కొట్టింది. ఆట అనుకుంది.

నేను అక్కడే రోడ్డు పక్క రాళ్ల మీద కూర్చున్నాను. చాచా నన్ను తిట్టలేదు. “చెప్పిన గద” అనలేదు. నా పక్కన కూర్చున్నాడు, లాల్చీ మాసిపోతుందని కూడా చూసుకోలేదు. “తప్పు నాది సుత” అన్నాడు. “కాదంటే సరిపోదు. కాకుంటే ఏం చెయ్యాలెనో చెప్పాలె. నాకు భయమై చెప్పలే.”

భయమైందని నాతో అన్న పెద్దమనిషి ఆయనొక్కడే. అప్పటిదాకా భయం నా ఒక్కదాని జబ్బు అనుకున్నాను.

మర్నాటి నుంచి సీటు పని మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో మా ఆయన షిఫ్టు కలిసొచ్చి, మమ్మల్ని బడికి ఆయనే దింపాడు. వెనుక చక్రం మీదికి మందపు కడ్డీలతో క్యారియరు చేయించి, దాన్ని ఇరుసు దగ్గర రెండు పక్కలా బిగించాడు. బరువంతా ఇరుసు మీద పడాలి, కీలుకు దాని సంగతే తెలియకూడదు అన్నాడు. దాని మీద సీటు, వీపుకు ఆనిక, నడుముకు పట్టీ. పాదాలు పుల్లల్లోకి పోకుండా రెండు వైపులా రేకు డబ్బాలు.

“పాప బరువెంత?”

“పన్నెండు కిలోలు.”

గోనె సంచిలో ఇసుక నింపి తూకం వేయించాడు. పన్నెండు కాదు, ఇరవై నాలుగు. దాన్ని సీటులో కూర్చోబెట్టి, నడుముకు పట్టీ కట్టి, తనే తొక్కాడు. ఎక్కడ గుంతలుంటే అక్కడికి, టిప్పర్లు దిగే దారికి, వారం రోజులు, పొద్దున సాయంత్రం. ఆ చిన్న చక్రాల సైకిలు మీద గడ్డం మనిషి, వెనుక సంచి. ఊరంతా నవ్వింది.

“చాచా, సంచికి ఊరు సూపిస్తున్నవా?”

“బడిల చేర్పిస్తున్న. నీ లెక్క మొద్దు గావొద్దని.”

సంచి కిందపడలేదు. వారం తర్వాత ఒక్క పట్టీ దగ్గర నట్టు అర చుట్టు వదులైంది. ఆ అర చుట్టు కోసం మళ్లీ అంతా విప్పి, రెండో నట్టు వేసి, ఇంకో మూడు రోజులు సంచిని తిప్పాడు.

ఆఖరున హ్యాండిలుకు అద్దం పెట్టాడు. నేను అడిగింది వెనుక వచ్చే టిప్పర్లు కనబడాలని. ఆయన దాన్ని లోపలికి తిప్పి బిగించాడు. అందులో పాప సీటు కనబడుతోంది.

“టిప్పర్లను నువ్వు చూసుడు కాదు, అవి నిన్ను చూడాలె. దానికి బిళ్ళలు పెట్టినం, దీపం పెట్టినం. నువ్వు బిడ్డను చూస్కో. గడియ గడియకు కాదు మల్ల. రోడ్డు మీద ఒక కన్నుండాలె.”

అన్నీ అయిపోయాక, నేను నిలబడి ఉన్నాను, కదలకుండా. ఒక్క మాట కావాలి నాకు. అందరూ ఊరికే ఇచ్చే మాట, ఈయన నోటి నుంచి వస్తే నమ్ముదామని.

“చాచా, బాగుందని ఒక్క మాట చెప్పరాదు.”

ఆయన నట్టు బిగిస్తున్నాడు, ఇప్పటికే బిగిసిన నట్టు. “ఒకసారి చెప్పిన, బేటా” అన్నాడు. “బాయిల. కట్టెతోని కొట్టి చూసిన. గంట మోగినట్టు మోగింది. మంచిగుంది, కూసో అన్న. మా జోడిదారు కూసొని సద్ది ఇప్పిండు.”

అంతే. నేను బాయిల మధ్య పుట్టి పెరిగినదాన్ని. కప్పు కింద కూర్చున్న ఆ తోటి పనివాడు సద్దన్నం తిన్నాడా అని అడగలేదు. మోగిన కప్పు కూడా కూలుతుందని అప్పుడే తెలిసింది. కొట్టి వినే మనిషికి ఆ సంగతి తెలిసీ, మళ్లీ రోజూ కొట్టి వినడం ఎంత కష్టమో కూడా.

ఆ మర్నాడు పొద్దున పాపను తీసుకుని షాపు ముందుకు వచ్చాను. చాచా పాప నడుముకు పట్టీ కట్టాడు, పాదాలు డబ్బాల్లో పెట్టాడు, గొళ్ళెం నాతో వేయించాడు. నేను తొక్కడం మొదలుపెట్టే ముందు ఆయనవైపు చూశాను. ఆయన అప్పటికే వీపు తిప్పి లోపలికి వెళ్లిపోయాడు. నీళ్ల తొట్టి ముందు కూర్చుని ఏదో ట్యూబు చేతిలోకి తీసుకున్నాడు. ఇన్నాళ్లు ఇంత చేసి, మొదటి రోజు కనీసం చూడనైనా చూడలేదేమని నాకు మనసు నొచ్చింది. పాప “చాచా, టాటా” అని అరిచింది. ఆయన తిరగలేదు.

చేరాం. దారిలో నాలుగు టిప్పర్లు దాటాయి. బడి గేటు దగ్గర దిగాక నా వేళ్లు బ్రేకుల మీద నుంచి రాలేదు, వాచ్‌మన్ వచ్చి పాపను దించాడు. ఆ తర్వాత రెండేళ్లు, వానాకాలం, ఎండాకాలం, రోజూ. నెలకోసారి చాచా కొట్టి వినేవాడు. “మంచిగుంది” అని ఒక్కసారీ అనలేదు. “పో” అనేవాడు, లేదా “ఉండు” అనేవాడు.

ఈ రోజు టీ కొట్టాయన దారి చెబితే వాళ్లింటికి వెళ్లాను. షాపు వెనుక రెండో సందు. చాచా భార్య, చాచి, గుమ్మంలో కూర్చుని ఉంది. నేనెవరో తెలియక చూసింది, తర్వాత నా వెనుక ఉన్న సైకిలు చూసి లేచింది. లోపలికి రమ్మని, పాపకు నీళ్లిచ్చింది. సిగ్గులేకుండా, అడగడానికి వచ్చిన మాటే అడిగాను. పాప ఎదిగింది చాచీ, ఇంకా ఈ సీటులో కూర్చోబెట్టొచ్చా, ఆయన ఎప్పుడైనా ఏమన్నా అన్నారా అని.

“నాకేం తెల్సు బిడ్డ సైకిళ్ల సంగతి” అంది. పాప జుట్టు మీద చెయ్యి పెట్టింది. “మొదటి దినం నువ్వు ఈమెను ఎక్కించుకొని పోయినవ్ చూడు. నేను నాష్టా తీస్కొని షాపుకు పోయిన. ట్యూబు నీళ్లల్ల ముంచుతుండు, తీస్తుండు, ముంచుతుండు. బుడగలొస్తయేమోనని చూసుకుంట. నేను చూసేసరికి ఆ ట్యూబుల గాలే లేదు. గాలి లేని ట్యూబుల పంక్చర్ ఎట్ల దొర్కుతదయ్యా అంటే ఇనపడ్తలేదు ఆయనకు. నాష్టా సల్లగైంది. గంటైంది. బడి కాడికెంచి వచ్చే ఆటోడు ఆగి, టీచరమ్మ, పాప గేటు లోపటికి పోవుడు చూసిన చాచా అన్నడు. అప్పుడు లేసి గాలి కొట్టిండు.”

నేను లేచాను. సందు దాటాక పాప సీటు ఎక్కుతానంది. చౌరస్తా దగ్గర మళ్లీ అడిగింది. వద్దన్నాను. సైకిలు తోసుకుంటూ ఇంటిదాకా ఇద్దరం నడిచే వచ్చాం.